ముక్కలైన తోకచుక్క

పాఠ్యభాగ ఉద్దేశం

తోకచుక్క కనిపిస్తే కీడు జరుగుతుందనే భయం ప్రపంచంలోని అనేక జాతులలో ఉండేది. ఆ భయాన్ని తొలగించినవి రెండు: ఒకటి గణితం, రెండవది ఓపికతో కూడిన పరిశీలన. 2006వ సంవత్సరం మే నెలలో ముక్కలు ముక్కలుగా విడిపోయిన ఒక తోకచుక్క భూమికి సమీపంగా వెళ్లింది. ఆ సంఘటన ఆధారంగా ఆకాశ పరిశీలన అంటే ఏమిటో, ఒక సామాన్యుడు రాసిపెట్టుకున్న నాలుగు మాటలకు శాస్త్రంలో ఉన్న విలువ ఏమిటో తెలియజేయడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠం

సంస్కృతంలో ధూమకేతువు అన్నా, తెలుగులో తోకచుక్క అన్నా అర్థం ఒకటే అయినా, ఈ రెండు పేర్లలో రెండు చూపులు కనిపిస్తాయి. ధూమకేతువు అంటే పొగ పతాకంగా కలది. ఈ మాటలో యుద్ధరంగం, ఉత్పాతం గుర్తుకు వస్తాయి. తోకచుక్క అనే తెలుగు మాటలో భయం లేదు. చూసినవాడు చూసినది చూసినట్లుగా చెప్పిన మాట అది. ఆకాశంలో ఒక చుక్క ఉన్నది, దానికి తోక ఉన్నది, అంతే. ఈ రెండు చూపుల మధ్యనే తోకచుక్కల చరిత్ర అంతా నడిచింది.

క్రీ.శ. ఆరవ శతాబ్దికి చెందిన వరాహమిహిరుడు తన బృహత్సంహితలో కేతుచారమనే అధ్యాయాన్ని రచించాడు. అందులో తన పూర్వులు కేతువుల సంఖ్యను గురించి చెప్పిన భిన్నాభిప్రాయాలను ఆయన పేర్కొన్నాడు. కొందరు కేతువులు నూట ఒకటి అన్నారు. కొందరు వేయి అన్నారు. నారదుడు మాత్రం కేతువు ఒక్కటేననీ, అదే అనేక రూపాలతో కనిపిస్తుందనీ అన్నాడట. అదే అధ్యాయంలో వరాహమిహిరుడు మరొక ముఖ్యమైన సంగతి చెప్పాడు. కేతువుల ఉదయాస్తమయాలను గణితం ద్వారా తెలుసుకోవడం సాధ్యం కాదు అన్నాడు. గ్రహణాలను లెక్కగట్టి ముందుగానే చెప్పగలిగిన మహాగణకుడు తనకు లెక్క అందని చోట ఆ మాటను దాచకుండా చెప్పడం గమనింపదగిన విషయం.

వరాహమిహిరుని తరువాత దాదాపు పన్నెండు వందల సంవత్సరాలకు ఆ లెక్క అందింది. ఇంగ్లండుకు చెందిన ఎడ్మండ్ హేలీ 1531, 1607, 1682 సంవత్సరాలలో కనిపించిన మూడు తోకచుక్కలు నిజానికి ఒక్కటేనని గుర్తించి, అది 1758 ప్రాంతంలో మళ్లీ రావలసి ఉన్నదని 1705లో ప్రకటించాడు. ఆ తోకచుక్క వచ్చేనాటికి హేలీ జీవించి లేడు. 1758 డిసెంబరు 25 రాత్రి దానిని అందరికంటె ముందుగా చూసినవాడు ఏ విశ్వవిద్యాలయ ఆచార్యుడూ కాదు. జర్మనీలో డ్రెస్డెన్ సమీపంలో వ్యవసాయం చేసుకుంటూ, తీరిక వేళల్లో సొంత దూరదర్శినితో ఆకాశాన్ని పరిశీలించే యోహాన్ పాలిట్జ్ అనే రైతు. లెక్క వేసినవాడు పండితుడు, ఆ లెక్క నిజమని చూపినవాడు కృషీవలుడు.

అయినా భయం పూర్తిగా పోలేదు. 1910లో హేలీ తోకచుక్క మళ్లీ వచ్చినప్పుడు భూమి దాని తోకగుండా వెళుతుందనీ, ఆ తోకలో విషవాయువు ఉన్నదనీ వార్తలు వ్యాపించాయి. కొన్ని దేశాలలో తోకచుక్క విషానికి విరుగుడుగా మాత్రలు కూడా అమ్మారు. మన తెలుగునాట మాత్రం అదే సంవత్సరంలో గురజాడ అప్పారావు తన ముత్యాల సరములలో ఆ తోకచుక్కను ప్రవేశపెట్టి, దానిని కీడుకు సూచనగా కాక సంఘసంస్కరణ భావనతో ముడిపెట్టి చూపారు. ఆధునిక తెలుగు కవిత్వపు తొలి రచనలలో ఒకదానిలో తోకచుక్క భయాన్ని విడిచి నిలబడటం మన సాహిత్యానికి గౌరవం.

ఇంతకూ తోకచుక్క అంటే ఏమిటి? అది మంచు, ధూళి, రాతిపొడి కలిసిన ముద్ద. సౌరకుటుంబం ఏర్పడిన నాటి పదార్థం అందులో పెద్దగా మార్పు లేకుండా నిలిచి ఉంటుంది. ఈ ముద్దను కేంద్రకం అంటారు. దాని వ్యాసం సాధారణంగా కొన్ని కిలోమీటర్లకు మించదు. అది సూర్యునికి దూరంగా ఉన్నంతకాలం గడ్డకట్టి, నల్లగా, ఎవరికీ కనిపించకుండా ఉంటుంది. సూర్యుని సమీపిస్తున్నకొద్దీ మంచు ద్రవంగా మారకుండానే నేరుగా ఆవిరి అవుతుంది. ఆ ఆవిరి ధూళిని తనతోపాటు ఎగజిమ్ముతుంది. కేంద్రకం చుట్టూ వేల కిలోమీటర్ల పొగమబ్బు ఏర్పడుతుంది. మనకు తలగా కనిపించేది ఇదే. సూర్యకాంతి ఒత్తిడి వలన ధూళి, సూర్యుని నుండి వెలువడే విద్యుత్కణాల ప్రవాహం వలన వాయువు వెనుకకు నెట్టబడి తోకగా మారతాయి. అందువలన తోక ఎల్లప్పుడూ సూర్యునికి వ్యతిరేక దిశలో ఉంటుంది.

ఈ ముద్ద గట్టి రాయి కాదు. వదులుగా కట్టిన మట్టిగడ్డ వంటిది. కనుక అది విరిగిపోవడానికి గొప్ప కారణం అవసరం లేదు. సూర్యుని వేడి లోపలికి చొరబడటం వలన పగుళ్లు ఏర్పడవచ్చు. ఒక పక్కనుండి ఆవిరి బలంగా ఎగజిమ్మితే కేంద్రకం తన చుట్టూ తాను తిరిగే వేగం పెరిగి చీలిపోవచ్చు. ఒక పెద్ద గ్రహం సమీపానికి వెళితే దాని ఆకర్షణ వలన తునకలు కావచ్చు. 1992లో షూమేకర్-లెవీ 9 అనే తోకచుక్క గురుగ్రహానికి మరీ దగ్గరగా వెళ్లి ఇరవైకి పైగా ముక్కలయింది. ఆ ముక్కలన్నీ 1994 జూలై 16 నుండి 22 వరకు ఒకదాని వెంట ఒకటిగా గురుగ్రహంపై పడ్డాయి. ఆ దెబ్బలకు గురుగ్రహంపై ఏర్పడిన నల్లని మచ్చలను చిన్న దూరదర్శినులున్నవారు కూడా చూడగలిగారు.

మన పాఠానికి విషయమైన తోకచుక్క పేరు ష్వాస్‌మన్-వాఖ్‌మన్ 3. జర్మనీలోని హాంబర్గ్ వేధశాలలో పనిచేసిన ఆర్నాల్డ్ ష్వాస్‌మన్, ఆర్నో ఆర్థర్ వాఖ్‌మన్ అనే శాస్త్రజ్ఞులు 1930 మే 2న ఛాయాచిత్ర ఫలకాలపై దీనిని గుర్తించారు. వారిద్దరూ కలిసి కనుగొన్న తోకచుక్కలలో ఇది మూడవది కనుక ఆ అంకె చేరింది. ఆ సంవత్సరం ఇది భూమికి కోటి కిలోమీటర్ల లోపునకు వచ్చింది. సూర్యుని చుట్టూ ఒకసారి తిరగడానికి దీనికి సుమారు 5.4 సంవత్సరాలు పడుతుంది. అయినా 1930 తరువాత దాదాపు అర్ధ శతాబ్దంపాటు ఇది ఎవరికీ కనిపించలేదు. మళ్లీ 1979లో దొరికింది. అప్పటికీ దీనిని గురించి ఎవరూ గొప్పగా చెప్పుకోలేదు. సుమారు కిలోమీటరు వ్యాసం గల అతి సామాన్యమైన తోకచుక్క ఇది.

1995 శరత్కాలంలో పరిస్థితి మారింది. ఉండవలసిన కాంతికంటె ఈ తోకచుక్క కొన్ని వందల రెట్లు ఎక్కువ కాంతితో వెలిగింది. కొందరు పరిశీలకులు దీనిని కొత్త తోకచుక్క అని భావించారు. కారణం డిసెంబరులో తెలిసింది. దక్షిణ అమెరికా ఖండంలోని చిలీ దేశంలో లా సిల్లా వేధశాల తీసిన చిత్రాలలో ఒక్క కేంద్రకానికి బదులు నాలుగు కనిపించాయి. తోకచుక్క పగిలి, అంతవరకు లోపల దాగి ఉన్న మంచు ఒక్కసారిగా ఎండకు గురి కావడమే ఆ వెలుగుకు మూలం. ముక్కలకు ఆంగ్ల అక్షరమాల క్రమంలో ఎ, బి, సి, డి అని పేర్లు పెట్టారు. వీటిలో సి అన్నింటికంటె పెద్దది.

2006లో ఇది తిరిగి వచ్చేటప్పటికి ముక్కల సంఖ్య అరవై దాటింది. అక్షరాలు చాలక జంట అక్షరాలతో పేర్లు పెట్టవలసి వచ్చింది. ఏప్రిల్ 18 నుండి 20 వరకు హబుల్ అంతరిక్ష దూరదర్శిని బి అనే ముక్కను చిత్రించగా, దాని వెనుక ఇళ్లంత పరిమాణం గల తునకలు డజన్లకొద్దీ కనిపించాయి. పెద్ద ముక్క చిన్న ముక్కలుగా, చిన్న ముక్కలు ధూళిగా మారే క్రమాన్ని మానవుడు అంత స్పష్టంగా చూడటం అరుదు. కేతువు ఒక్కటే, అదే అనేక రూపాలతో కనిపిస్తుందన్న ప్రాచీన భావన ఒక ఊహ మాత్రమే. అయితే ఈ ఒక్క తోకచుక్క విషయంలో ఆ మాట అక్షరాలా నిజమైనట్లు తోచింది.

ముక్కలైన తోకచుక్క భూమివైపు వస్తున్నదనగానే భయం మళ్లీ తలెత్తింది. 2004 డిసెంబరు 26 నాటి సునామీ విషాదం ప్రజల మనసులలో ఇంకా మానని గాయంగా ఉన్న కాలమది. తోకచుక్క ముక్క ఒకటి 2006 మే 25న అట్లాంటిక్ మహాసముద్రంలో పడి భయంకరమైన సునామీని సృష్టిస్తుందని ఫ్రాన్సు దేశానికి చెందిన ఒకరు ప్రచారం చేశారు. ఆ ప్రచారాన్ని పరీక్షించడానికి కావలసినవి రెండు అంకెలు మాత్రమే. సి అనే ముక్క మే 12న భూమికి అతి సమీపానికి వచ్చినప్పుడు వాటి మధ్య దూరం సుమారు 1 కోటి 17 లక్షల కిలోమీటర్లు. బి అనే ముక్క మే 14న సుమారు కోటి కిలోమీటర్ల దూరానికి వచ్చింది. చంద్రుడు మనకు సగటున 3,84,400 కిలోమీటర్ల దూరంలో ఉన్నాడు. అంటే సి దూరం చంద్రుని దూరానికి ముప్పై రెట్లు, బి దూరం ఇరవై ఆరు రెట్లు. ఖగోళ ప్రమాణాలలో ఇది సమీపమే. భయపడవలసిన సమీపం మాత్రం కాదు. మే 25 అన్ని రోజుల వలెనే గడిచిపోయింది.

ఇక్కడ ఒక మాట స్పష్టంగా చెప్పుకోవాలి. తోకచుక్కలు గ్రహాలను ఢీకొనడం అసంభవమేమీ కాదు. గురుగ్రహంపై అది జరగడం మన తరమే చూసింది. అందుచేత ఆకాశంనుండి ఏ ప్రమాదమూ రాదని ధైర్యం చెప్పడం కూడా అశాస్త్రీయమే. ఏ ముక్క ఎక్కడ ఉన్నది, ఎటు పోతున్నది అనే సమాచారం మన దగ్గర ఉండటమే నిజమైన ధైర్యం. ఆ సమాచారం పరిశీలన వలననే వస్తుంది. పరిశీలన లేని చోట వదంతి రాజ్యం చేస్తుంది.

ఇప్పుడు ఈ తోకచుక్కను మన నేలమీదినుండి చూద్దాం. ఉదాహరణకు నందికొట్కూరును తీసుకోండి. 2006లో కర్నూలు జిల్లాలో ఉన్న ఈ పట్టణం 2022 ఏప్రిల్‌లో జరిగిన జిల్లాల పునర్విభజనతో నంద్యాల జిల్లాలో చేరింది. ఉత్తరాన కృష్ణానది, తూర్పున నల్లమల అడవులు. ఊరు దాటి పొలాలలోకి రెండు మూడు కిలోమీటర్లు నడిస్తే మహానగరవాసులకు దొరకని చీకటి దొరుకుతుంది. రాయలసీమ వేసవి రాత్రులలో మిద్దెలమీద, ఆరుబయట మంచాలమీద పడుకోవడం మనకు అలవాటు. పిల్లలకోడి, సప్తర్షులు, వేగుచుక్క మన రైతులకు పంచాంగం అవసరం లేకుండానే తెలుసు. ఆకాశ పరిశీలనకు కావలసిన మొదటి రెండు వనరులైన చీకటి, పరిచయం మన పల్లెలకు సహజంగానే ఉన్నాయి.

2006 మే 7, 8 తేదీల నడిమి రాత్రి సి అనే ముక్క వీణామండలంలో ఉన్నది. ఆకాశంలోని అత్యంత కాంతివంతమైన నక్షత్రాలలో ఒకటైన అభిజిత్తు ఉండేది ఈ మండలంలోనే. ఆ రాత్రి తోకచుక్క ఇదే మండలంలోని ప్రసిద్ధమైన వలయ నీహారికకు చేరువగా కనిపించింది. నందికొట్కూరు అక్షాంశం నుండి చూస్తే మే మొదటివారంలో వీణామండలం అర్ధరాత్రి వేళ ఈశాన్యాన ఆకాశం మూడోవంతు ఎత్తులో ఉంటుంది. తెల్లవారుజామున నాలుగు గంటలకు ముందు దాదాపు నడినెత్తికి చేరువవుతుంది. ఆనాడు పున్నమికి ఇంకా ఐదు రోజులుంది. రాత్రి రెండు గంటలు దాటిన తరువాత చంద్రుడు అస్తమించాడు. సూర్యోదయానికి ముందు వచ్చే వెలుగు నాలుగున్నర ప్రాంతంలో మొదలవుతుంది. కనుక చక్కని చీకటిలో తోకచుక్కను చూడటానికి దొరికిన వ్యవధి సుమారు రెండు గంటలు.

మరి తోకచుక్క భూమికి మరింత దగ్గరైన మే 12, 14 తేదీలలో ఇంకా బాగా కనిపించి ఉండాలి కదా అని మీకు సందేహం కలగవచ్చు. మే 13 పున్నమి. ఆ రాత్రులలో వెన్నెల ఆకాశమంతా నిండి, తోకచుక్క మసక వెలుగును మింగివేసింది. దగ్గరకు వచ్చిన రాత్రులే చూడటానికి అనుకూలం కాకపోవడం పరిశీలకుడు నేర్చుకోవలసిన మొదటి పాఠం. ఆకాశంలో అన్నీ మనకోసం అమరవు. ఉన్న వ్యవధిని ముందుగా లెక్క చూసుకుని సిద్ధపడాలి.

ఇటువంటి తోకచుక్కను చూడటానికి పెద్ద పరికరాలు అవసరం లేదు. సి, బి ముక్కలు మామూలు బైనాక్యులర్లకు చక్కగా అందాయి. పద్ధతి తెలిస్తే చాలు. చీకటిలోకి వెళ్లిన తరువాత కళ్లు అలవాటు పడటానికి ఇరవై నుండి ముప్పై నిమిషాలు పడుతుంది. ఆ సమయంలో తెల్లని వెలుగును చూడకూడదు. టార్చి వాడవలసి వస్తే దానికి ఎర్రని కాగితం చుట్టాలి. మసకగా ఉన్న వస్తువును సూటిగా కాక ఓరచూపుతో చూస్తే మరింత స్పష్టంగా కనిపిస్తుంది. కంటిలో మసక వెలుగును పట్టే కణాలు మధ్యభాగంలోకంటె పక్కభాగాలలో ఎక్కువగా ఉండటమే ఇందుకు కారణం. తోకచుక్క నక్షత్రంలా సూదిమొనగా కాక, అద్దంపై ఊదిన ఆవిరిలా చిన్న మసక మచ్చగా కనిపిస్తుంది. భూమికి ఇంత దగ్గరగా ఉన్న తోకచుక్కను గంట తరువాత మళ్లీ చూస్తే నక్షత్రాల మధ్య దాని స్థానం మారినట్లు కూడా తెలుస్తుంది.

చూడటం సగం పని. రాయడం తక్కిన సగం. పరిశీలకుని పుస్తకంలో తేదీ, గంట, నిమిషం, చూసిన ఊరు, వాడిన పరికరం, ఆకాశం స్థితి తప్పక ఉండాలి. ప్రపంచమంతటి పరిశీలనలు కలిసి ఉపయోగపడాలి కనుక మన సమయంలోనుండి ఐదున్నర గంటలు తీసివేసి అంతర్జాతీయ కాలాన్ని కూడా రాయాలి. తరువాత తోకచుక్క కాంతిని అంచనా వేయాలి. దానికి సులభమైన ఉపాయం ఒకటి ఉన్నది. ముందు తోకచుక్క ఎంత వెడల్పుగా, ఎంత కాంతితో ఉన్నదో మనసులో నిలుపుకోవాలి. తరువాత బైనాక్యులర్ల అమరికను మార్చి, చుట్టుపక్కల నక్షత్రాలు అదే వెడల్పుగల మసక బిళ్లలుగా కనిపించేటట్లు చేయాలి. ఏ నక్షత్రం బిళ్ల తోకచుక్క మచ్చతో సమానంగా ఉన్నదో చూసి, నక్షత్ర పట్టికలో ఆ నక్షత్రానికి ఇచ్చిన కాంతి అంకెను తోకచుక్కకు వేయాలి. ఈ అంకె చిన్నదయ్యేకొద్దీ కాంతి ఎక్కువ అని అర్థం. చీకటి ఆకాశంలో మామూలు కంటికి ఆరవ అంకె వరకు అందుతుంది. చివరగా తోక ఏ దిక్కుకు ఉన్నదో గీసి చూపాలి. కనిపించనిదాన్ని కనిపించినట్లు రాయకూడదు. మబ్బు పట్టి ఏమీ కనిపించకపోతే ఆ సంగతే రాయాలి.

ఒక పల్లెటూరి విద్యార్థి రాసిన ఈ అంకె వలన ఎవరికి ప్రయోజనం అని అడగవచ్చు. ఇక్కడనే వరాహమిహిరుని మాట మళ్లీ గుర్తుకు వస్తుంది. తోకచుక్క ఏనాడు ఎక్కడ ఉంటుందో నేడు గణితం చెప్పగలదు. అది ఎప్పుడు పగులుతుందో, ఏ రాత్రి హఠాత్తుగా వెలుగుతుందో, ఏ రాత్రి ఆరిపోతుందో నేటికీ గణితం చెప్పలేదు. ఆ రాత్రి ఎవరో ఒకరు చూస్తూ ఉండాలి. పెద్ద దూరదర్శినులు కొద్ది. వాటి సమయం నెలలకు ముందే పంచబడి ఉంటుంది. ఒక దేశంలో మబ్బు పడితే మరొక దేశంలో ఆకాశం నిర్మలంగా ఉంటుంది. ఒకచోట పగలైతే మరొకచోట రాత్రి. భూగోళమంతటా చెదరి ఉన్న ఔత్సాహికులు రోజూ రాసే అంకెలను వరుసగా గుచ్చితేనే తోకచుక్క కాంతి చరిత్ర తయారవుతుంది. 2020 ఏప్రిల్‌లో అట్లాస్ అనే తోకచుక్క విరిగిపోయినప్పుడు దాని ముక్కలను మొదట చిత్రించినవారిలో ఔత్సాహికులు ఉన్నారు.

ఈ మార్గంలో తెలుగునాట మనకు పూర్వులు లేకపోలేదు. గోడే వెంకట జగ్గారావు మద్రాసు వేధశాలలో శిక్షణ పొంది, 1840లో విశాఖపట్నంలో తన సొంత ఖర్చుతో వేధశాలను నెలకొల్పారు. ఆయన తరువాత దానిని నిర్వహించిన అల్లుడు అంకితం వెంకట నరసింగరావు 1874 డిసెంబరు 9న శుక్రగ్రహం సూర్యబింబం మీదుగా దాటడాన్ని పరిశీలించారు. ఆయన లెక్కలను లండన్‌లోని రాయల్ ఆస్ట్రనామికల్ సొసైటీ తన పత్రికలో ప్రచురించింది. వేధశాలలు ప్రభుత్వాలకే చెల్లునని భావించిన కాలంలో ఇది ఒక ఇంటివారి కృషి. హైదరాబాదులోని నిజామియా వేధశాలలో పనిచేసిన తండ్రి వద్ద ఆకాశాన్ని చూడటం నేర్చుకున్న వేణు బాపు, నిజాం కళాశాలలో చదివి, ఉన్నత విద్యకు అమెరికాలోని హార్వర్డ్ విశ్వవిద్యాలయానికి వెళ్లారు. అక్కడ 1949లో తీసిన ఒక ఛాయాచిత్రంలో ఆయన కొత్త తోకచుక్కను గుర్తించారు. దానికి ఆయన పేరు, ఆయనతో ఉన్న బార్ట్ బాక్, గార్డన్ న్యూకర్క్‌ల పేర్లు కలిపి బాపు-బాక్-న్యూకర్క్ అని పేరు వచ్చింది. తమిళనాడులోని కావలూరు వేధశాల నేడు వేణు బాపు పేరుతోనే ఉన్నది.

ముక్కలైన తోకచుక్కల కథ ముక్కలతో ముగియదు. 1826లో బీలా అనే ఆయన గుర్తించిన తోకచుక్క 1846లో పరిశీలకుల కళ్లముందే రెండుగా చీలింది. 1852లో ఆ రెండూ దూరదూరంగా కనిపించాయి. ఆ తరువాత ఎన్నడూ కనిపించలేదు. కాని 1872 నవంబరు 27న భూమి ఆ తోకచుక్క మార్గాన్ని దాటుతున్నప్పుడు ఆకాశంనుండి గంటకు వేలకొద్దీ ఉల్కలు రాలాయి. తోకచుక్క ధూళిగా మారి మిగిలి ఉన్నదని ఆ రాత్రి చెప్పింది. ష్వాస్‌మన్-వాఖ్‌మన్ 3 వదలిన ధూళి 2022 మే 31న భూమిని తాకవచ్చుననీ, ఉల్కల తుఫాను సంభవించవచ్చుననీ శాస్త్రజ్ఞులు భావించారు. తుఫాను రాలేదు. ఒక మోస్తరు ఉల్కాపాతం మాత్రం వారు లెక్కగట్టిన సమయానికే వచ్చింది. మన దేశంలో అప్పటికి ఉదయం పదిన్నర ప్రాంతం కావడం వలన మనకు అది కనిపించలేదు. రాత్రిగా ఉన్న అమెరికా ఖండంలోని పరిశీలకులు దానిని లెక్కించి రాసిపెట్టారు. మనకు పగలైన వేళ వారు చూసినట్లే, వారికి పగలైన వేళ చూడవలసినవారము మనము.

తోకచుక్కలు మళ్లీ వస్తాయి. కొన్నింటి రాక ముందుగా తెలుస్తుంది, కొన్ని చెప్పకుండా వస్తాయి. కొన్ని చెక్కుచెదరకుండా వెళతాయి, కొన్ని మన కళ్లముందే విరిగిపోతాయి. అప్పుడు ఊరిలో ఎవరైనా కీడు శంకించి భయపడితే వారిని పరిహసించవద్దు. మిద్దెమీదికి పిలిచి, దిక్కు చూపి, బైనాక్యులర్లు చేతికివ్వండి. దూరం ఎంతో అంకెలతో చెప్పండి. వారు చూసిన తరువాత మీరు చూసినది, తేదీతో, సమయంతో, ఊరి పేరుతో మీ పుస్తకంలో రాసుకోండి.

కఠిన పదాలకు అర్థాలు

ఉత్పాతం = కీడును సూచించే వింత సంఘటన
కృషీవలుడు = వ్యవసాయదారుడు
వేధశాల = గ్రహ నక్షత్రాలను పరిశీలించే కేంద్రం
కేంద్రకం = తోకచుక్క నడుమ ఉండే మంచుముద్ద
నీహారిక = ఆకాశంలో మేఘంలా కనిపించే వాయు ధూళి సమూహం
ఔత్సాహికుడు = జీతానికి కాక ఆసక్తితో పనిచేసేవాడు
వదంతి = ఆధారం లేని ప్రచారం

అభ్యాసం

అ) వ్యాసరూప సమాధాన ప్రశ్నలు
1. ష్వాస్‌మన్-వాఖ్‌మన్ 3 తోకచుక్క చరిత్రను 1930 నుండి 2022 వరకు వివరించండి.
2. తోకచుక్కల అధ్యయనంలో ఔత్సాహిక పరిశీలకుల పాత్రను పాఠం ఆధారంగా సమర్థించండి.

ఆ) సంగ్రహరూప సమాధాన ప్రశ్నలు
1. కేతువులను గురించి వరాహమిహిరుడు చెప్పిన విషయాలు ఏవి? వాటిలో ఏది నేటికీ కొంతవరకు వర్తిస్తుంది?
2. 2006 మే 12, 14 తేదీలకంటె మే 8 తెల్లవారుజాము పరిశీలనకు ఎందుకు అనుకూలం?
3. తోకచుక్క కాంతిని అంచనా వేసే పద్ధతిని తెలియజేయండి.
4. మే 25 వదంతిని అంకెల సహాయంతో ఎలా ఖండించవచ్చు?

ఇ) ఏకవాక్య సమాధాన ప్రశ్నలు
1. హేలీ తోకచుక్కను 1758లో మొదట చూసినది ఎవరు?
2. గురజాడ ఏ రచనలో తోకచుక్కను ప్రస్తావించారు?
3. తోకచుక్క తోక ఏ దిశలో ఉంటుంది?
4. విశాఖపట్నంలో వేధశాలను స్థాపించినవారు ఎవరు?

ఈ) వ్యాకరణాంశాలు
1. సంధి విడదీసి, పేరు తెలపండి: సూర్యోదయం, అత్యంత, భిన్నాభిప్రాయాలు.
2. విగ్రహవాక్యం రాసి, సమాసం పేరు తెలపండి: ధూమకేతువు, సూర్యబింబం, మహాగణకుడు.

ఉ) ప్రాజెక్టు పని
వరుసగా పది రాత్రులు ఒకే సమయానికి, ఒకే చోటినుండి చంద్రుని స్థానాన్ని గమనించి, తేదీ, సమయం, ఆకాశం స్థితి రాస్తూ పట్టిక తయారు చేయండి. చంద్రుడు కనిపించని రాత్రిని కూడా పట్టికలో చేర్చి, కారణం రాయండి.